రీప్యాక్ కొండ: మౌంటెన్ బైక్ పార్ట్స్‌ని సెలెక్ట్ చేసింది ఎవరు?

పోయిన ఏడాది నేనొక మౌంటెన్ బైక్ బిల్డ్ మొదలుపెట్టా. ఫ్రేమ్ ఒక చోట, చక్రాలు ఇంకో చోట ఆర్డర్ పెట్టా. అన్నీ మంచి పార్ట్సే, రివ్యూలన్నీ చదివే కొన్నా. తీరా బిగించబోతే వెనక చక్రం ఫ్రేమ్‌లో పట్టలేదు! ఫ్రేమ్ 135 మిల్లీమీటర్ల హబ్‌కి చేసింది, నేను కొన్న హబ్ 148. సగం నెల జీతం గోడకి ఆనించి ఉంది, నేను దాని ఎదురుగా కూర్చుని ఉన్నా.

అసలు ఇన్ని సైజులు ఎందుకు? ఎవరు పెట్టారు? ఇది వెతుక్కుంటూ పోతే కథ ఒక కొండ దగ్గర తేలింది.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మరిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్లు పాత ష్విన్ ఎక్సెల్సియర్ సైకిళ్లు వెతికి తెచ్చుకునేవాళ్లు. 1930ల కాలం నాటి, పిల్లలు తొక్కే బరువైన సైకిళ్లు అవి. అవే ఎందుకంటే, వాటికి లావు బెలూన్ టైర్లు ఉండేవి. ష్విన్ కంపెనీ 1933లో తెచ్చిన టైర్లు, సైజు 26 అంగుళాలు. ఈ 26 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక మట్టి దారిలో రేసు పెట్టారు. సుమారు 3 కిలోమీటర్లు, దాదాపు 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకి ఉన్న బ్రేక్ ఒక్కటే, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి హబ్ వేడెక్కి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ గ్రీజు నింపితే గానీ ఇంకో రౌండ్ లేదు. ఆ నింపడాన్నే ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. రేసుకీ కొండకీ అదే పేరు పడిపోయింది.

ఇక్కడి నుంచి జరిగిందంతా నా భాషలో చెప్పాలంటే డీబగ్గింగే. బ్రేక్ కాలిపోతోందా? డ్రమ్ బ్రేక్ పెట్టు. దాన్ని గట్టిగా లాగడానికి సైకిల్ లివర్ చాలట్లేదా? మోటార్‌సైకిల్ లివర్ తెచ్చి బిగించు. దిగడం సరే, ఎక్కేటప్పుడు తోసుకుంటూ పోవాలా? గేర్లు పెట్టు. గేర్ల ఐడియా మరిన్ వాళ్లు ఒక్కళ్లదే కాదు. 1974 డిసెంబర్‌లో అక్కడ జరిగిన ఒక సైక్లోక్రాస్ రేసుకి కుపర్టినో కుర్రాళ్లు గేర్లున్న లావు టైర్ల సైకిళ్లతో వచ్చారు. అవును, ఇప్పుడు యాపిల్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరే. అందుకే మౌంటెన్ బైక్‌ని ఒక్కడే కనిపెట్టాడు అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

చివరికి తట్టుకోలేనిది ఫ్రేమే. అప్పుడు 1977లో జో బ్రీజ్ క్రోమోలీ స్టీల్‌తో కొత్త ఫ్రేమ్ చేశాడు. కానీ దాని కోణాలు ఆ పాత ఎక్సెల్సియర్ నుంచే తీసుకున్నాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి, టామ్ రిచీ చేసిన ఫ్రేములతో అమ్మకాలు మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ని ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో చేయించింది. విచిత్రం ఏంటంటే, దాని మీద కూడా మోటార్‌సైకిల్ తరహా బ్రేక్ లివర్లే! మౌంటెన్ బైక్‌కని ప్రత్యేకంగా చేసిన పార్ట్స్, షిమానో డియోర్ ఎక్స్‌టీ లాంటివి, 1982లో గానీ రాలేదు.

ఇప్పుడు ఆ 26 సంగతి. కొండలకి 26 అంగుళాలే బెస్ట్ అని ఎవరూ లెక్క వేసి చెప్పలేదు. ఆ రోజు పాత సామాన్లలో దొరికిన లావు టైరు సైజు అది, అంతే. కానీ రిమ్ములు, ఫోర్కులు, ఫ్రేములు అన్నీ దాని చుట్టూనే అల్లుకున్నాయి. మా ఆఫీసులో దీన్నే లెగసీ కోడ్ అనేవాళ్లం. ఎవరు రాశారో తెలీదు, తీసేస్తే అన్నీ కూలతాయి. దాదాపు 30 ఏళ్లు అదే నడిచింది. తర్వాత 29 అంగుళాల చక్రం వచ్చింది. రాళ్ల మీద సాఫీగా పోతుంది, కానీ చక్రం పెద్దదయ్యేసరికి పక్కకి ఊగడం పెరిగింది. చువ్వలు ఇంకాస్త వెడల్పుగా నిలబడాలంటే హబ్ వెడల్పు పెంచాలి. అలా పుట్టిందే 148! అంటే నా ఇంట్లో గోడకి ఆనించిన ఆ చక్రం, 1933 నాటి టైరుతో మొదలైన గొలుసులో చివరి లింకు.

రీప్యాక్ వాళ్ల దగ్గర డబ్బుల్లేవు, రివ్యూలు లేవు. కొండ ఏది విరిచిందో అదే మార్చారు. మనం దానికి రివర్స్. ముందు పార్ట్స్ కొంటాం, తర్వాత కొండ వెతుక్కుంటాం. కాబట్టి బిల్డ్ మొదలుపెట్టే ముందు మీరు తొక్కే దారి ఎలాంటిదో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ స్పెక్ షీట్‌లో హబ్ వెడల్పు, చక్రం సైజు, టైరుకి ఎంత చోటుందో చూసి, అప్పుడే మిగతావి. ఖరీదైన గేర్ల కంటే ముందు మంచి బ్రేకులు, మంచి టైర్లు. మిగతావి విరిగినప్పుడు మార్చుకోవచ్చు.

నా చక్రం ఏమైంది అంటారా? ఫ్రేమే మార్చా. అవును, ఇంకో సగం జీతం. మీరు మాత్రం అలా చేయకండి. మళ్ళీ కలుద్దాం, బై.