ఆముదం, వేణ్ణీళ్ళు, తుపాకి

కార్తీక అమావాస్య వచ్చిందంటే మా పల్నాడు మొత్తం కారెంపూడి వైపు తిరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు దినాల వీరుల తిరునాళ్ళు. పన్నెండవ శతాబ్దం చివర గురజాల నలగామరాజు పక్షానికీ, మాచర్ల మలిదేవరాజు పక్షానికీ జరిగిన పోరులో నేలకొరిగినవారి పేర కొలిచే ఆయుధాలను కొణతాలంటారు. వీరాచారవంతులు వాటిని ఊరూరి నుంచి మోసుకువచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు.

చిన్నతనంలో ఆ దృశ్యం చూస్తూ నేనొక సందేహం వెలిబుచ్చాను. "ఇనుముకు నీళ్ళు పోస్తే తుప్పు పట్టదా తాతయ్యా?"

"తుప్పు నీళ్ళతో రాదురా, తడి నిలవుంచితే వస్తుంది. రేపు మన తుపాకి కడిగేటప్పుడు చూద్దువుగాని" అన్నాడాయన.

మా తాతయ్యకు లైసెన్సు ఉన్న ఒంటిగొట్టపు తుపాకి ఒకటుండేది. గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాతరకం. చేలమీద పడే అడవిపందులను బెదరగొట్టడమే దాని ఉద్యోగం. పేల్చిన నాటి సాయంత్రమే పెరట్లో పొయ్యిమీద బిందెడు నీళ్ళు మరిగేవి. గొట్టం విడదీసి, గరాటు పెట్టి, సలసల కాగే నీళ్ళు లోపలికి పోసేవాడు. అడుగు నుంచి మొదట సిరాలాంటి నలుపు, తరువాత బూడిదరంగు, చివరకు తేటనీరు. వేడెక్కిన ఇనుము తనంతట తానే ఆరిపోయేది. అటుపైన పాత పంచె పేలిక, ఆపైన నూనె. ఈ వరుస తప్పితే ఇంట్లో ఎవరికైనా చీవాట్లే.

ఆ వరుసలోని శాస్త్రం నాకు చాలాకాలానికి గాని బోధపడలేదు. నల్లమందులో సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. అది కాలితే సగం పైచిలుకు ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో అధికభాగం పొటాషియం లవణాలు. ఊరగాయ జాడీ అంచున ఉప్పు చెమర్చినట్టే అవీ గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి. లవణం నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. కనుక కడగకుండా నూనె రాస్తే రోగాన్ని లోపల పెట్టి దుప్పటి కప్పినట్టే. నల్లమందు కాలం గడిచి 303 రైఫిళ్ళు వచ్చిన తరువాత కూడ, తూటా టోపీలోని రసాయనం అటువంటి ఉప్పునే గొట్టంలో వదిలేది. అందుకే మొదటి ప్రపంచయుద్ధంలోని బ్రిటిషు సిపాయి కూడ మా తాతయ్యలాగే గరాటుతో మరిగే నీళ్ళు పోసేవాడు.

ఇక నూనె సంగతి. మా ఇంట ఆముదమే. ఒక వానాకాలం ఆముదం నిండుకొని, ఎవరో కుసుమనూనె రాసి చూరుకింద పెట్టారు. నెల గడిచేసరికి అది జిగురై, లక్కై, మీట కదలలేదు. కుసుమనూనె ఆరి పొరగట్టే జాతిది. రంగుల్లో కలపడానికి పనికివచ్చే గుణం తుపాకికి శత్రువు! ఆ తరువాత మా నాయనమ్మ కుట్టుమిషను నూనెబుడ్డి తరచు మాయమయ్యేది. ఆవిడ నిందితుడి కోసం ఎక్కువగా వెతికేది కాదనుకోండి.

వంటింటి సరుకు తుపాకి దాకా వెళ్ళి దేశాన్ని కుదిపిన కథ మనమంతా బడిలో చదువుకున్నదే. 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టంలో గాళ్ళుంటాయి. వాటిలో గుండు సాఫీగా దిగాలన్నా, మసి మెత్తబడాలన్నా కాగితపు తూటాకు జిడ్డు కావాలి. ఆ తూటాను పంటితో కొరికి చింపాలి. ఆవుకొవ్వు, పందికొవ్వు అన్న మాట 1857 జనవరిలో డమ్‌డమ్ నుంచి పొక్కింది. పాఠ్యపుస్తకాల్లో అంతగా కనబడని సంగతొకటుంది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం దిగివచ్చి, జిడ్డులేని తూటాలిస్తాము, నేయో నూనో మైనమో మీకు నచ్చింది మీరే పూసుకోండి అన్నది. అప్పటికే నమ్మకం చెడింది. అనుమానం కొవ్వును వదిలి తళతళలాడే కాగితం మీదికి పాకింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది రౌతులు తూటాలు ముట్టమన్నారు. మే 10న తిరుగుబాటు రేగింది. అన్నట్టు, ఆనాటి ఢిల్లీ జనం సిపాయిలను పిలిచిన మాట 'తిలంగా'. కుంఫిణీ తొలిరోజుల్లో మన తెలుగుసీమ నుంచి పోయిన పటాలాల వల్ల ఆ పేరు నిలిచిపోయింది. ఆ సిపాయిల్లో అత్యధికులు అవధ్, బీహారు వాళ్ళైనా సరే!

ముందే నెయ్యి ఇచ్చి ఉంటే తిరుగుబాటు ఆగేదా? ఆగేదని నేననుకోను. 1856లో అవధ్‌ను కలుపుకున్న గాయం నేతితో మానేది కాదు. కాని నోటికి తాకేదానిలో ఇంత మంట ఉన్న దేశంలోనే, మందపోరు నాడు కారెంపూడిలో చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు కులమెంచక అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించాడని మావాళ్ళ నమ్మకం. మాల కన్నమదాసు అతని సేనలో ముందు నిలిచిన యోధుడు. ఆ దినం ఆ ముద్ద తింటున్నప్పుడల్లా నాకు ఎన్‌ఫీల్డు తూటా గుర్తుకు రావడం వింతే.

తరువాతి కాలపు దొరలు తమ రైఫిళ్ళకు 'రంగూన్ ఆయిలు' పూశారు. అది బర్మా నేలనూనె. కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనిపించుకున్న మన తెలుగు కూలీలు ఓడల బరువులు మోసిన రంగూనే అది. మన ఆముదానికీ సీమలో ఉద్యోగం దొరికింది. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీ తన ఇంజను నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే పుట్టింది. అమెరికాలో తిమింగలపు నూనె, కిరోసిను కలిపి చేసుకునే పాత తుపాకిమందు ఒకటుండేది. హ్యారిస్ అనే ఆయన అందులో తిమింగలాన్ని తీసేసి కార్ల ట్రాన్స్‌మిషను ఆయిలు పోశాడు. 1953లో క్షిపణి తుప్పు పట్టకుండా పుట్టిన డబ్ల్యూడీ-40ని కూడ అక్కడ తుపాకులకు కొడతారు. అది తడిని తోలడానికి మంచిదే గాని, నెలల తరబడి నిలిచే నూనె కాదు. మా తాతయ్య వింటే "మరి ఆముదమేం పాపం చేసింది" అనేవాడు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. పల్నాటి ఎన్నికల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకసారి మా తుపాకి అక్కడ కొన్ని నెలలుండి తిరిగివచ్చింది. తాతయ్య గొట్టాన్ని ఎండకెత్తి లోపలికి చూచి, ఏమీ మాట్లాడక పొయ్యి రాజేశాడు. మూడు బిందెల నీళ్ళు పోసినా ఎర్రనీరే వచ్చింది. నాలుగో బిందె పెట్టబోతే నాయనమ్మ "ఇక చాల్లెండి" అన్నది. ఆయన గొట్టం ఆరేదాకా అరుగుమీదే కూర్చొని, ఆముదం రాసి, గోనెగుడ్డ చుట్టి లోపల పెట్టాడు. మళ్ళీ దాన్ని పేల్చలేదు. ఏటా కార్తీక అమావాస్యకు మాత్రం బయటికి తీసి, వేణ్ణీళ్ళతో కడిగి, ఆముదం పూసి, మళ్ళీ చుట్టిపెట్టేవాడు.