చేపల టీకాల కూర్పు

పెంపకపు చేపలకు టీకా ఏ మేరకు రక్షణ ఇస్తుందో అందులోని సూక్ష్మజీవి ఒక్కటే తేల్చదు. దాన్ని దేనితో కలిపారు, ఏ దారిన ఒంట్లోకి పంపారు అన్నవీ అంతే ముఖ్యం.

అనకాపల్లి జిల్లా తీరంలో నక్కపల్లి, పాయకరావుపేట వైపు సాగు ప్రధానంగా రొయ్యలది. రొయ్యకు యాంటీబాడీలు తయారు కావు కనుక అసలైన అర్థంలో టీకా చేపకే చెల్లుతుంది. ఆ తీరానికి దగ్గరి ఉదాహరణ పండుగప్ప. 2007లో విశాఖపట్నం దగ్గర సముద్రంలో పంజరం దించి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) పెంచింది దీన్నే. అనకాపల్లి అప్పటికింకా విశాఖ జిల్లాలోనే ఉంది.

నోడావైరస్ పండుగప్ప పిల్లల మెదడును, రెటీనాను దెబ్బతీసి హేచరీలను ఖాళీ చేస్తుంది. చెన్నైలోని జలచర సాగు పరిశోధన సంస్థ సీబా దీనికి నోడావాక్-ఆర్ అనే రీకాంబినెంట్ టీకా రూపొందించింది. అయితే కొద్ది రోజుల పిల్లకు సూది గుచ్చలేం, దాని రోగనిరోధక వ్యవస్థా అప్పటికి పక్వమై ఉండదు. అందుకే తల్లిచేపకు టీకా వేసి, దాని యాంటీబాడీలు గుడ్డు ద్వారా పిల్లకు చేరేలా చూడడం ఒక మార్గం.

కూర్పు ఎంత తేడా తెస్తుందో నార్వే సాల్మన్ సాగు చూపించింది. 1987లో అక్కడ దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. చచ్చిన బాక్టీరియాను ఖనిజ నూనెలో కలిపి పొట్టలోకి ఎక్కించే టీకాలు 1990ల మొదట్లో వచ్చాక, ఉత్పత్తి పెరుగుతున్నా ఆ వాడకం కొద్ది ఏళ్లలోనే రెండు టన్నుల లోపుకు పడిపోయింది. నూనె, రోగనిరోధక వ్యవస్థ గుర్తించే సూక్ష్మజీవి అంశమైన యాంటీజెన్‌ను పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. రక్షణకణాలు అక్కడ గుమికూడి, యాంటీబాడీలు చాలాకాలం నిలుస్తాయి. దీనికి మూల్యమూ ఉంది: పొట్టలో అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, నల్లమచ్చలు పడతాయి, ఎదుగుదల మందగించవచ్చు. ఈ నష్టాన్ని స్పీల్‌బర్గ్ కొలమానంతో 0 నుంచి 6 వరకు లెక్కిస్తారు.

సూదికి బదులు చేపపిల్లలను టీకా నీటిలో ముంచితే మొప్పలు, చర్మం స్పందిస్తాయి. అక్కడ ఐజీటీ అనే యాంటీబాడీది ముఖ్యపాత్ర. సూదితో పోలిస్తే ఈ రక్షణ త్వరగా తగ్గుతుంది.

మేతలో కలిపే టీకా రైతుకు అన్నిటికన్నా సులువు. కెనడాలో 1942లో డఫ్ అనే పరిశోధకుడు ట్రౌట్‌లకు ఇచ్చినదీ అలాంటిదే. కానీ పండుగప్ప కడుపులోని ఆమ్లం యాంటీజెన్‌ను ముక్కలు చేస్తుంది కాబట్టి ఆల్జినేట్ వంటి పూత కావాలి. కొల్లేరు చెరువుల్లోని శీలావతి, బొచ్చెలకు జీర్ణాశయమే లేదు. వాటిలో ఆమ్లపు అడ్డు లేకపోయినా పేగు ఎంజైములు ఉంటాయి. ఒక్కో చేపకూ మత్తిచ్చి సూది వేయడం ఆ చవక చేపల సాగుకు గిట్టదు కనుక, వాటికి పరిశోధన మేత టీకా మీదే సాగడం న్యాయం.