చనిపోకూడని ప్రోగ్రాము: లిబ్‌గిట్2 పుట్టుక

నేను అమెరికాలో రెసిడెన్సీ మొదలుపెట్టిన రోజుల్లో కేసు షీట్లు ఇంకా కాగితం మీదే ఉండేవి. మాకు మొదట నేర్పిన నియమాల్లో ఒకటి: రాసినదానిలో తప్పు దొర్లితే చెరిపేయకూడదు, తెల్ల సిరా పూయకూడదు. కింది అక్షరాలు కనిపించేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. డాక్టరు అంతకుముందు ఏమనుకున్నాడు, ఎప్పుడు మనసు మార్చుకున్నాడు అన్నదీ రోగి చరిత్రలో భాగమే.

యాభైల్లో పడ్డాక ఆ నియమం మరో రూపంలో ఎదురైంది. ముగ్గురు వైద్యులం కలిసి కొన్నేళ్లుగా ఒక తెలుగు వైద్య పదకోశం కూర్చుకుంటున్నాం. దాన్ని గిట్‌లో దాచుకోమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. మాలో పెద్దాయన పోయిన తరువాత, ఏ పదం ఆయన చేర్చినది, దేన్ని ఎప్పుడు మార్చారు అన్నది ఒకచోట చూపే చిన్న ప్రోగ్రాము రాయాలనిపించింది. కాలేజీ రోజుల్లో సరదాకి నేర్చుకున్న సీ భాష తప్ప నాకు మరొకటి రాదు. అలా లిబ్‌గిట్2 అనే సీ లైబ్రరీ దగ్గరికి చేరాను. దాన్ని వాడడం నేర్చుకుంటూ అది ఎందుకు పుట్టిందో కూడా వెతికాను.

మార్పుల చరిత్రను యంత్రం చేత రాయించిన తొలి ప్రసిద్ధ వ్యవస్థ ఎస్‌సీసీఎస్. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ దాన్ని మొదలుపెట్టాడు. పదేళ్ల తరువాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్‌ను తెచ్చాడు. టిచీ ఆలోచన వైద్యుడికి వెంటనే అర్థమవుతుంది. తాజా ప్రతిని పూర్తిగా ఉంచి, వెనక్కి వెళ్లడానికి కావలసిన తేడాలను మాత్రమే దాచాడు. రోగి మంచం దగ్గర నిలబడ్డవాడికి ముందు కావలసింది ఈ ఉదయపు పరిస్థితి; పాత సంగతులు కాస్త ఆలస్యంగా దొరికినా నష్టం లేదు. 1980ల నడుమ ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన, ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సీ కంపైలరు మీద పనిచేస్తూ, ముగ్గురి వేళలూ కలవక, ఒకరి కోసం ఒకరు ఆగనక్కరలేని సీవీఎస్‌కు బీజం వేశాడు.

గిట్ పుట్టుక ఒక తగాదా నుంచి వచ్చింది. లినక్స్ కెర్నెల్ రాసేవారు 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య వ్యవస్థను ఉచిత లైసెన్సు మీద వాడుతుండేవారు. ఆండ్రూ ట్రిజెల్ దాని సర్వర్లతో మాట్లాడగల ప్రోగ్రామును సొంతంగా రాయబోవడంతో, 2005లో ఆ ఉచిత సదుపాయం ఆగిపోయింది. ఏప్రిల్ 3న లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన సొంత కోడు చరిత్రను తానే దాచుకోసాగింది. జూన్‌లో వచ్చిన లినక్స్ 2.6.12 దాని సాయంతోనే వెలువడింది. జూలైలో నిర్వహణ జునియో హమానో చేతికి వెళ్లి, నేటికీ ఆయన దగ్గరే ఉంది.

గిట్‌లో ప్రతి వస్తువుకూ పేరు దాని విషయం నుంచే వస్తుంది. ఫైలులోని బైట్లను లెక్కగట్టి తీసిన 40 అంకెల, అక్షరాల వరసే దాని పేరు. ప్రతి కమిట్‌లోనూ దాని ముందరి కమిట్ పేరు ఉంటుంది కనుక, పాతదాన్ని ముట్టుకుంటే ఆ తరువాతి పేర్లన్నీ మారిపోతాయి. గతాన్ని తిరగరాయడం సాధ్యమే గాని, పాత ప్రతి ఉన్నవాళ్లకు తెలియకుండా సాధ్యం కాదు. మా ఒంటిగీత నియమానికి గణితం కాపలా కాసినట్టన్నమాట.

ఇంత పకడ్బందీగా కట్టిన వ్యవస్థకు మళ్లీ ఒక లైబ్రరీ ఎందుకు? జవాబు గిట్ కోడులోని ఒక ఫంక్షన్ పేరులోనే ఉంది. ఆ పేరు 'డై'. పని ముందుకు సాగనప్పుడు గిట్ ఈ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది 'ఫేటల్' అన్న మాటతో మొదలయ్యే సందేశం ఒకటి తెరమీద రాసి, ప్రోగ్రామును అక్కడికక్కడ ముగించేస్తుంది. వాడిన మెమరీని తిరిగి అప్పగించే బాధ్యత కూడా చాలాచోట్ల పెట్టుకోదు. ఇది బద్ధకం కాదు. గిట్ తొలినాళ్లలో చిన్నచిన్న ప్రోగ్రాముల గుంపు. ఒక్కొక్కటీ పుట్టి, ఒక పని చేసి, క్షణంలో పోయేది. పోయినదాని వెనక శుభ్రం చేసే పని ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకునేది.

అయితే అదే కోడును రోజుల తరబడి నడిచే సర్వరులోనో, ఎవరో పనిచేసుకుంటున్న ఎడిటరులోనో అతికిస్తే? ఒక రిపాజిటరీలో ఒక్క ఫైలు చెడినందుకు మొత్తం సర్వరు కూలుతుంది. విడి కణం చచ్చిపోవచ్చు. అవయవం అలా చచ్చిపోతే శరీరం నిలవదు. అందుకే ఇతర ప్రోగ్రాములు గిట్‌ను బయటి నుంచి నడిపి, అది తెరమీద రాసినదాన్ని చదువుకుని అర్థం చేసుకుంటూ కాలం గడిపాయి.

ఈ ఇబ్బందికి విరుగుడుగా షాన్ పియర్స్ 2008 చివర లిబ్‌గిట్2 మొదలుపెట్టాడు. అంతకుముందే ఆయన జావాలో జేగిట్ రాసినవాడు. లైబ్రరీ కొంతకాలం అసంపూర్తిగా ఉండిపోయింది. 2010లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ విద్యార్థిగా విసెంట్ మర్తీ దాన్ని అందుకుని నడకకు తెచ్చాడు. ఇందులో ఫంక్షన్లు చనిపోవు. పని జరిగితే సున్నా, జరగకపోతే రుణసంఖ్య తిరిగి ఇస్తాయి. వెతికినది దొరకకపోతే -3. ఆ తరువాత ఏం చేయాలన్నది పిలిచినవాడి ఇష్టం. వస్తువులను ఫైళ్లలోనే దాచాలన్న నిర్బంధం కూడా లేదు. కావాలంటే డేటాబేసులో ఉంచవచ్చు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం లైసెన్సు సంగతి. గిట్ లైసెన్సు జీపీఎల్ రెండో వర్షన్. దాని కోడును తన ప్రోగ్రాములో కలిపి పంచేవాడు తన కోడునూ అవే షరతుల కిందికి తేవాలి. అలాగైతే వాణిజ్య సంస్థలు లైబ్రరీ జోలికి రావు. అందుకని లిబ్‌గిట్2కు అదే లైసెన్సు ఉంచి, లైబ్రరీని జతచేసుకునే ప్రోగ్రాములకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. దానితో గిట్ నుంచి కోడు తెచ్చుకోవాలంటే రాసినవారి అనుమతి తప్పనిసరి అయింది. సరేనన్నవారి పేర్లతో ఒక జాబితా లైబ్రరీ రిపాజిటరీలోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు సంతకాలు తీసుకునే వృత్తిలో ఉన్నవాణ్ణి. ఆ ఫైలును చాలాసేపు చదివాను.

ఇక నా ప్రోగ్రాము. రిపాజిటరీ తెరిచి, తాజా కమిట్ నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి నడుస్తూ, ప్రతిదాని దగ్గర రచయిత పేరు, తేదీ అచ్చు వేయడం. మొదటిసారి నడిపితే పెద్దాయన పేరు ఉండవలసిన చోట పిచ్చి గుర్తులు వచ్చాయి. తప్పు నాదే. రచయిత పేరును లైబ్రరీ మనకు ఇవ్వదు, చూపిస్తుంది. ఆ పేరుకు యజమాని కమిట్. నేను కమిట్‌ను ముందే విడుదల చేసి, ఆ తరువాత పేరు అచ్చు వేయబోయాను. ఆ రెండు వరసలూ తారుమారు చేస్తే సరిపోయింది.

రెండో చిక్కు అచ్చంగా తెలుగుది. 'వైద్యం' అన్న పేరుతో ఉన్న ఫైలు రెండు ఫైళ్లుగా కనిపించింది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కొన్ని ఫైల్ వ్యవస్థలు పేరును తమంతట తామే విడదీసి దాచుకుంటాయి. కంటికి తేడా లేదు. బైట్లను లెక్కగట్టే గిట్‌కు అవి వేర్వేరు పేర్లు. ఇలా విడిపోయినవాటిని తిరిగి కలిపే అమరిక గిట్‌లో 2012లో వచ్చింది, లిబ్‌గిట్2 కూడా దాన్ని పాటిస్తుంది. వైద్యం అని రాసుకునే వైద్యుడికే ఇది తగలడం విడ్డూరం.

లిబ్‌గిట్2 తరువాత రూబీ, పైథాన్, సీ షార్ప్ వంటి భాషలకు చేరింది. రస్ట్ భాషవారి కార్గో దాన్నే వాడింది. అయినా కథ ఒకే దిక్కుకు సాగలేదు. ఎలైజా న్యూరెన్ రాసిన కొత్త విలీన పద్ధతి గిట్‌లో బాగా కుదిరాక, అన్నాళ్లూ విలీనాలకు లిబ్‌గిట్2ను నమ్ముకున్న గిట్‌హబ్ 2023 నాటికి ఆ పనిని మళ్లీ గిట్‌కే అప్పగించింది. మరోపక్క గిట్ లోపలి భాగాలను లైబ్రరీగా మలిచే ప్రయత్నాలు గిట్‌లోనే సాగుతున్నాయి. నకలు కోడు అసలుతో సమానంగా పరిగెత్తడం ఎంత కష్టమో ఇందులో తెలుస్తుంది. అంతమాత్రాన 2008 నాటి నిర్ణయం తప్పని నేను అనను.

షాన్ పియర్స్ 2018 జనవరిలో ఊపిరితిత్తుల కేన్సరుతో మరణించాడు. నా ప్రోగ్రామును లిబ్‌గిట్2 రిపాజిటరీ మీదే నడిపి అట్టడుగుకు వెళ్తే తొలి కమిట్ దగ్గర ఆయన పేరే వస్తుంది. మా పదకోశం మీద నడిపితే పెద్దాయన చివరి మార్పు కనబడింది. 'మూర్ఛ' అన్న ఒక్క మాట కింద కలగాపులగంగా ఉన్నదాన్ని విడదీసి, ఒకదానికి 'అపస్మారం', రెండోదానికి 'సొమ్మసిల్లడం' అని రాశారు. కింద సందేశంలో, మీరిద్దరూ ఒప్పుకుంటేనే ఉంచండి అని ఉంది. ఆ కమిట్ వచ్చిన వారం మేమిద్దరం చూడలేదు.