రామన్ ఫలితం నుంచి రామన్ వర్ధకం వరకు

ఫిబ్రవరి 28న మనం జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకొంటామని మీకు తెలుసు. 1928లో ఆ రోజున కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్, తన సహచరుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి గమనించిన కాంతి ఫలితమే ఇందుకు కారణం. నేటి ఇంటర్నెట్ కేబుళ్లలో పనిచేస్తున్నది కూడా ఆ రామన్ ఫలితమే అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు. కాని చరిత్ర చదువుతున్న మీరు దాన్ని అంతటితో ఒప్పుకోకూడదు.

1928కీ, కేబుల్ మార్గాల్లో రామన్ వర్ధకాలు అమరడం మొదలైన 1990ల చివరి సంవత్సరాలకీ మధ్య డెబ్బై ఏళ్ల దూరం ఉంది. అందులో చివరి పాతికేళ్లు మరీ విచిత్రమైనవి. గాజు తంతువులో ఈ ఫలితం వల్ల కాంతి సంకేతం బలపడుతుందని 1973 నాటికే కొలిచి చూపారు. అంటే సూత్రం తెలుసు, కొలతలు ఉన్నాయి, తంతువులూ ఉన్నాయి. అయినా పరికరం మాత్రం రాలేదు. ఎందుకు రాలేదు? ఈ పాఠంలో మనం వెతకబోయే జవాబు దీనికే.

కోటికి ఒక్కటి

కాంతి ఒక ద్రవంలో పడి చెదిరినప్పుడు, చెదిరిన కాంతిలో దాదాపు అంతా రంగు మారకుండానే బయటకు వస్తుంది. సుమారు కోటి ఫోటాన్లలో ఒకటి మాత్రం అణువుకు తన శక్తిలో కొంత ఇచ్చేసి, తరంగదైర్ఘ్యం పెరిగి వస్తుంది. రామన్ పట్టుకున్నది ఆ ఒక్కదాన్ని. మొదట సూర్యకాంతి, రంగు గాజు పలకలు, ఆ తరవాత పాదరస దీపం, వర్ణపటలేఖిని ఆయన సాధనాలు. అదే ఏడాది మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రవేత్తలు క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ఫలితాన్ని చూశారు. నోబెల్ బహుమతి 1930లో రామన్ ఒక్కరికే వచ్చింది. ఆ వివాదం మనకు ఇక్కడ అవసరం లేదు గాని, క్వార్ట్జ్ మాట గుర్తుపెట్టుకోండి. కేబుళ్లలోని తంతువు సిలికా గాజు. క్వార్ట్జ్‌లో ఉన్న పదార్థమే ఇందులోనూ ఉంది, స్ఫటిక క్రమం మాత్రం లేదు.

తరవాతి మూడు దశాబ్దాలూ రామన్ ఫలితం అణువుల నిర్మాణం తెలుసుకునే సాధనంగానే ఉండిపోయింది. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. నా దృష్టిలో తెలుగు నేలకు ఈ కథలో అంతకంటె గట్టి వాటా సూరి భగవంతం గారి ద్వారా దక్కింది. ఆయన 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధన కొనసాగించారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితాలపై ఆయన రాసిన ఆంగ్ల గ్రంథం 1940లో వాల్తేరు నుంచి వెలువడింది. అప్పటికి లేజర్ లేదు కాబట్టి వర్ధకం అన్న ఊహకు చోటే లేదు.

ఆ చోటు 1962లో ఏర్పడింది, అదీ అనుకోకుండా. అమెరికాలోని హ్యూస్ సంస్థలో వుడ్‌బరీ, ఎన్‌జీ అనే ఇద్దరు రూబీ లేజర్‌తో పనిచేస్తున్నారు. లేజర్ కాంతి 694 నానోమీటర్ల వద్ద ఉండాలి. దానితోపాటు 767 నానోమీటర్ల వద్ద మరో బలమైన కాంతి కూడా వస్తోంది. లేజర్‌లో అమర్చిన గదిలోని నైట్రోబెంజీన్ ద్రవమే దీనికి కారణమని తరవాత తేలింది. కాంతి చాలా తీవ్రంగా ఉన్నప్పుడు, మారిన రంగు కాంతి తనలాంటి కాంతినే మరింత పుట్టిస్తుంది. కోటికి ఒక్కటిగా ఉన్నది వెల్లువ అవుతుంది. దీన్నే ఉత్తేజిత రామన్ పరిక్షేపణం అంటారు. రామన్ వర్ధకానికి నేరుగా తాత ఎవరని అడిగితే 1928 ప్రయోగం కంటె దీన్నే చూపాలి.

తంతువు వచ్చింది, వర్ధకం ఆగింది

1966లో ఇంగ్లండులో చార్లెస్ కావో, జార్జి హాకమ్ ఒక లెక్క వేశారు. గాజు తంతువులో నష్టం కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు తగ్గితే దాన్ని టెలిఫోన్ మార్గంగా వాడవచ్చని చెప్పారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ 17 డెసిబెళ్లు సాధించింది. 1979లో జపాను పరిశోధకులు 0.2 డెసిబెళ్లకు చేరారు. ఈ చివరి అంకె ఎంత గొప్పదో, ఎంత చాలనిదో మీరే లెక్కకట్టండి. 100 కిలోమీటర్లు పోయేసరికి నష్టం 20 డెసిబెళ్లు. అంటే పంపిన కాంతిలో నూరోవంతు మాత్రమే మిగులుతుంది. మరో 100 కిలోమీటర్లు పోతే పదివేలోవంతు. ఎక్కడో ఒకచోట బలం అందించక తప్పదు.

ఆ రోజుల్లో అందుకు ఒకటే దారి. కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి, సరిచేసి, మళ్లీ కాంతిగా మార్చి పంపాలి. ఈ పని కాంతితోనే చేయవచ్చని బెల్ ప్రయోగశాలలో రోజర్ స్టోలెన్, ఎరిక్ ఇప్పెన్ చూపారు. వారు 1973లో ప్రచురించిన కొలతల సారం ఇది: తంతువులోకి బలమైన పంపు కాంతిని ఎక్కిస్తే, దానికంటె సుమారు 13 టెరాహెర్ట్జ్ తక్కువ పౌనఃపున్యం ఉన్న కాంతి పెరుగుతుంది. నేటి వాడుకలో చెప్పాలంటే 1450 నానోమీటర్ల పంపు 1550 నానోమీటర్ల సంకేతాన్ని పెంచుతుంది. గాజులో అణువుల అమరిక క్రమంగా ఉండదు కాబట్టి ఈ వృద్ధి ఒక సన్నని గీతగా కాక వెడల్పుగా పరుచుకుంటుంది. ప్రత్యేకమైన తంతువు అక్కర్లేదు. నేలలో పాతిన తంతువే వర్ధకమవుతుంది. పంపు రంగు మార్చుకుంటే ఏ రంగు సంకేతాన్నయినా పెంచవచ్చు.

ఇంత సుగుణాల బిడ్డకు ఒక్కటే లోపం. ఆకలి ఎక్కువ. ఉపయోగపడేంత వృద్ధి రావాలంటే పంపు కాంతి అర వాటు మొదలు ఒక వాటు దాకా ఉండాలి. ఆనాడు అంత శక్తినిచ్చే లేజర్లు ప్రయోగశాల బల్లంతా ఆక్రమించేవి. ఊరి బయట కేబుల్ గదిలో పెట్టదగినవి కావు. 1988లో మోలెనార్, స్మిత్ ఈ పద్ధతితోనే కాంతి స్పందాలను చుట్టలో మళ్లీ మళ్లీ తిప్పి 4000 కిలోమీటర్లకు పైగా నడిపించారు. అయినా అది ప్రయోగంగానే మిగిలింది.

కారణం, అంతకు ముందు ఏడాదే పోటీదారు వచ్చేశాడు. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, బెల్ ప్రయోగశాలలో డెసుర్విర్ బృందం ఎర్బియం అనే మూలకం కలిపిన కొద్ది మీటర్ల తంతువుతో వర్ధకం చేశారు. దానికి కొన్ని పదుల మిల్లీవాట్ల పంపు చాలు. వేలి గోరంత అర్ధవాహక లేజర్ ఆ పని చేస్తుంది. 1990ల మధ్యకల్లా ఎర్బియం అట్లాంటిక్ అడుగుకు చేరింది. రామన్ వర్ధకం మీద ఆసక్తి చల్లారిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే తంతువులో అనేక రంగుల సంకేతాలు పంపితే, పొట్టి తరంగాల సంకేతం తన శక్తిని పొడుగు తరంగాల సంకేతానికి ధారపోస్తుంది. ఇదీ రామన్ ఫలితమే. 1984లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఆండ్రూ చ్రాప్లీవీ దీనివల్ల ఏర్పడే పరిమితులను లెక్కగట్టారు. అంటే 1980లలో చాలామంది ఇంజనీరుకు రామన్ పేరు మిత్రుడిది కాదు, శత్రువుది.

తిరిగి రావడం

ఓడినవాడిని తిరిగి తెచ్చింది గెలిచినవాడే. ఈ కథలో నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించేది ఈ మలుపు. ఎర్బియం వర్ధకాలకు 1480 నానోమీటర్ల పంపు లేజర్లు కావాలి. వాటికి గిరాకీ పెరిగిన కొద్దీ శక్తి పెరిగింది, మన్నిక పెరిగింది. రామన్‌కు కావలసిన లేజర్లు ఆ పక్క రంగులవే. ఒకరి కోసం వేసిన బాట మీద మరొకరు నడిచారు. ఇక అవసరం సంగతి. ఎర్బియం అందరికీ అందాక ఒక్కో తంతువులో డజన్ల కొద్దీ రంగులు దూర్చడం మొదలైంది. ఎర్బియం పెంచగల రంగుల పరిధి చాలలేదు, సంకేతంలో చేరే నాయిస్ భారమైంది.

నాయిస్ విషయం కొంచెం నిదానంగా చూడండి. ఎండాకాలంలో బావి అడుగంటాక నీళ్లు తోడితే బురద కూడా వస్తుంది. నీటిమట్టం అంత దిగకముందే ఊట చేరుతూ ఉంటే బురద తక్కువ. ఎర్బియం వర్ధకం 100 కిలోమీటర్ల చివర, సంకేతం అడుగంటాక తోడుతుంది. రామన్ పంపు అదే చివర నుంచి ఎదురుగా తంతువులోకి ఎక్కి, చివరి 20 కిలోమీటర్ల పొడవునా సంకేతాన్ని దిగజారకుండా పట్టుకుంటుంది. ఫలితంగా సంకేతానికీ నాయిస్‌కీ ఉన్న నిష్పత్తి కొన్ని డెసిబెళ్లు మెరుగవుతుంది. ప్రతి 3 డెసిబెళ్లూ రెట్టింపుతో సమానమని మరవకండి.

1997లో బెల్ ప్రయోగశాలలో హాన్సెన్ బృందం, కేబుల్ ముట్టుకోకుండా రామన్ పంపు చేర్చి పాత మార్గం సామర్థ్యం పెంచవచ్చని చూపింది. 1999లో జపానులోని ఫురుకావా సంస్థ పరిశోధకులు 12 రంగుల పంపు లేజర్లు కలిపి 100 నానోమీటర్ల వెడల్పున సమమైన వృద్ధి సాధించారు. ఇలా రామన్ వర్ధకం ఎర్బియంను తొలగించలేదు, దాని పక్కన చేరింది. నేడు పొడవైన మార్గాల్లో ఎక్కువగా కనిపించేది ఈ జంటే.

మార్గం మీద

ప్రయోగశాలలో తంతువు శుభ్రమైన చుట్ట. నేలలో అది ఎందరో తవ్వి, తెగి, అతికించిన వస్తువు. రామన్ వర్ధకానికి ఈ తేడా ప్రాణాంతకం, ఎందుకంటే ఇక్కడ తంతువే పరికరం. పంపు ఎక్కే చోటికి దగ్గరలో ఒక చెడ్డ అతుకు ఉంటే పంపు అక్కడే నీరసిస్తుంది. అదే అతుకు 60 కిలోమీటర్ల అవతల ఉంటే వృద్ధికి పెద్దగా లోటు రాదు. అందుకే పంపు వేసే ముందు కాంతి స్పందం పంపి, తిరిగి వచ్చే ప్రతిఫలనాన్ని బట్టి మార్గాన్ని అంగుళం అంగుళం చదువుతారు.

పంపును ఎదురు దిశలో ఎక్కించడానికి ఇంకో కారణం ఉంది. రామన్ ప్రక్రియ దాదాపు తక్షణం జరుగుతుంది. పంపూ సంకేతమూ ఒకే దిశలో నడిస్తే పంపు వెలుగులోని ప్రతి వణుకూ సంకేతం మీద ముద్ర పడుతుంది. ఎదురెదురుగా నడిస్తే ఆ వణుకులు సగటున సర్దుకుంటాయి. వృద్ధి ధ్రువణం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి రెండు ధ్రువణాల లేజర్లు కలిపి వాడతారు. పోనీ, పంపు పెంచుకుంటూ పోదామా? అదీ కుదరదు. తంతువులో రెండుసార్లు వెనక్కి చెదిరిన సంకేతం కూడా పెరిగి, అసలు సంకేతంతో కలిసి దాన్ని చెడగొడుతుంది.

ఇక ప్రమాదం. అర వాటు కాంతి వెంట్రుకలో పదో వంతు వెడల్పున్న గర్భంలో పోతోంది. కనెక్టర్ కొన మీద ధూళి రేణువు ఉంటే మాడి కొనను పాడుచేస్తుంది. అంతకంటె తీవ్ర స్థితిలో మాడిన చోటు నుంచి ఒక వెలుగు చుక్క, సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో, పంపు వస్తున్న వైపుకు తంతువును నాశనం చేస్తూ పాకుతుంది. 1980ల చివర బ్రిటన్‌లో దీన్ని మొదట నమోదు చేసినవారిలో ఒకరి పేరు రామన్ కశ్యప్. పేర్ల పొంతన తప్ప మరేమీ లేదు. పంపు కాంతి కంటికి కనిపించదు, కన్ను మాత్రం పోతుంది. కాబట్టి తంతువు తెగిన క్షణంలో లేజర్లు తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి. సిబ్బంది కనెక్టర్ విప్పే ముందు పంపు ఆపుతారు, బిగించే ముందు ప్రతిసారీ తుడిచి సూక్ష్మదర్శినిలో చూస్తారు.

చివరికి వృద్ధిని అక్కడికక్కడే కొలుస్తారు. పంపు ఆపి ఒకసారి, వేసి ఒకసారి సంకేతం చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు తంతువులో అర వాటుకు అది 10 నుంచి 15 డెసిబెళ్ల దాకా ఉండవచ్చు. గర్భం సన్నగా ఉన్న తంతువులో అదే పంపుకు ఎక్కువ వస్తుంది. పాత తంతువులో మిగిలిపోయిన తేమ అంశ 1383 నానోమీటర్ల దగ్గర కాంతిని మింగి, దాని పక్క రంగుల పంపును కూడా కొంత తినేస్తుంది. కాబట్టి ఒకే పొడవున్న రెండు కేబుళ్లకు ఒకే పంపు లెక్క సరిపోదు. ప్రతి మార్గానికీ విడిగా కొలిచి, పంపు రంగులను ఒక్కొక్కటిగా సర్దాలి.