కపట గురువు

హైదరాబాదు కవాడిగూడలో మా వీధి బాలురు కంప్యూటరు తెరపై నాడు సాహసక్రీడలలో కపటగురువు లుందురు. 2004లో వెలువడిన ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ రెండవ భాగమున క్రేయా యను వృద్ధురాలు విద్య గరపుచునే శిష్యుని తన పన్నుగడకు సాధనముగ జేసికొనును.

ఇట్టి గురువును మన మెరుగుదుము. 11వ శతాబ్దిని సోమదేవుడు సంస్కృతమున వ్రాసిన కథాసరిత్సాగరమున నొక భిక్షువు రాజునకు నిత్యము లోన రత్నమున్న ఫలము నొసగి, శవమును మోయించి, తుద కాతనినే బలియీయ దలచెను. భేతాళుడు ముందే హెచ్చరించెను గాన, సాష్టాంగ మెట్లు చేయవలయునో చూపుమని యడిగి, రాజు వంగిన భిక్షువు తల ద్రుంచెను. 1951 నాటి పాతాళభైరవి చిత్రమున తోటరాముడు నేపాళ మాంత్రికుని నట్లే వధించెను. వాడు మరల బ్రతుకుట వేరు కథ.

ద్రోణుని ఈ వరుసలో జేర్చుటకు నా మన సొప్పదు. ఆయన దాపరికము లేక బొటనవ్రేలు అడిగెను. ఐనను తాను నేర్పని విద్యకు దక్షిణ గొనెను. ఏకలవ్యుడు మారుపలుకక యిచ్చెను. అటుపై వాని బాణములకు మునుపటి వేగము లేకపోయెను.