ఏది అసలు పాఠం?

సికింద్రాబాద్ ఇంట్లో నాన్న క్యాసెట్లలో మిగిలింది ఒక్కటే: బీటిల్స్ ‘లెట్ ఇట్ బి’. అందులో ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ అంటే నాకు వయొలిన్లే. నిజానికి ఆ వయొలిన్లూ కోరసూ 1970లో విడుదలకు ముందు నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేర్చినవి. పాట రాసిన మెకార్ట్నీకి అవి నచ్చలేదు.

2003లో ప్రక్షిప్తాలు ఏరేసినట్టు, ఆ చేర్పుల్లేకుండా ‘లెట్ ఇట్ బి... నేకెడ్’ తెచ్చారు. కానీ ఈ పాట పాతదాన్ని శుభ్రం చేసింది కాదు. మొదటిది 1969 జనవరి 26 నాటి టేక్, ఇది 31 నాటిది. అంటే శుద్ధప్రతి కాదు, పాఠాంతరం.

2021 కొత్త మిక్స్‌లో వయొలిన్లు మళ్లీ ఉన్నాయి. నాన్న ఉంటే మూడూ వినిపించేవాణ్ణి. ఏది అసలుదని అడిగితే మాత్రం తన క్యాసెట్టే చూపించేవాడు.