బూడిదలో దొరికిన ఉలవలు

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు కేసి చూస్తే 16వ శతాబ్దపు చీరల అంచులు, పొడవాటి కుళ్లాయిలు కనిపిస్తాయి. ఆ బట్టలు బొమ్మల్లో నిలిచాయి, నేలలో నిలవవు. కరువుసీమ పొడినేల దేన్నైనా దాచి ఉంచుతుందన్న మాట నాకు రుచించదు. ఈజిప్టు ఇసుకలా ఇది ఏడాది పొడుగునా పొడిగా ఉండదు. ఏటా 550 మి.మీ. దాకా వాన పడుతుంది. నేల తడుస్తుంది, ఆరుతుంది. మిగిలినదేదో చెదలు తినేస్తాయి.

సేంద్రియ అవశేషాల సంరక్షణ చరిత్రను మైనం, లక్క, పాలిమర్లు అంటూ రసాయనాల వరుసగా చెబుతుంటారు. 1961లో స్టాక్‌హోం నీళ్లలోంచి తీసిన వాసా ఓడ చెక్కకు ఆ కథ సరిపోతుంది. మన పీఠభూమికి సరిపోదు. ఇక్కడ కాపాడింది నిప్పు.

బళ్లారి, అనంతపురం, పాలమూరు ప్రాంతాల బూడిద దిబ్బలను జనం రాక్షసుల చితులన్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలి చితి అన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అవి పేడ కాలిన బూడిదేనని ఊహించాడు. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వితే పశువుల గిట్టల ముద్రలే బయటపడ్డాయి. ఈ మలుపు అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యం దాని తరువాతిది. పశువుల సంగతి తేలింది కానీ, ఆ పశువులను పెంచిన మనుషులేం తిన్నారన్నది ఇంకా మట్టిలోనే ఉండిపోయింది.

గాలి చాలని మంటలో గింజ బొగ్గవుతుంది. దాన్ని చెదలు ముట్టవు, బూజు పట్టదు. అయితే వేళ్ల మధ్యే పొడైపోతుంది. మట్టిని నీళ్లలో కలిపితే ఆ గింజ పైకి తేలుతుంది, సన్నని జల్లెడలో నిలుస్తుంది. తరువాత నీడలో మెల్లగా ఆరబెట్టాలి. గట్టిపడాలని జిగురు పూస్తే రేడియోకార్బన్ కాలనిర్ణయం చెడుతుంది. పురావస్తు పరిశోధకులు డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు 2004లో ప్రకటించిన ఫలితాల్లో అనంతపురం జిల్లా వేల్పుమడుగు కూడా ఉంది. ఆ దక్షిణాది నవీన శిలాయుగ స్థలాల్లో దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఒక్క స్థలంలోని గింజలతో సీమ మొత్తం తిండిని తేల్చలేం. కానీ రాతి గొడ్డళ్లు చెప్పని మాట అవి చెప్పాయి.

గొడ్డలికిచ్చిన గౌరవం మనం మట్టికివ్వలేదు. పాత తవ్వకాల్లో జల్లించకుండా పారబోసిన మట్టి తిరిగి రాదు. బూడిద దిబ్బలను ఎరువు కోసం తవ్వి తోలుకుపోవడమూ జరిగింది. ఇకపై ఏ తవ్వకానికి అనుమతి ఇచ్చినా, ప్రతి పొర నుంచీ కొంత మట్టిని నీటిలో తేల్చి చూడాలన్న షరతు పెట్టాలి.